సింథసైజరుకూ పెళ్ళిచూపులు కావాలి

మనవాళ్ళు ప్రెషర్ కుక్కర్ కొనాలన్నా నలుగురిని అడుగుతారు, మూత సరిగ్గా పడుతోందో లేదో తిప్పి చూస్తారు. అలాంటి మనమే పిల్లలు అడిగిన సంగీతపు సాఫ్ట్‌వేర్‌ని మాత్రం తెరమీద బొమ్మ చూసి, "ఈ రాత్రితో తగ్గింపు ధర ఆఖరు" అన్న మాట చదివి, చెవిన పడకుండానే కొనేస్తున్నాం. మన సంఘం పండుగ కార్యక్రమాలకు కొన్నేళ్ళుగా కీబోర్డు వాయిస్తున్నాను కాబట్టి "పాతకాలపు సింథసైజర్లను అచ్చంగా వినిపించే సాఫ్ట్‌వేర్లు వస్తున్నాయట, ఏది కొనమంటారు?" అని అడిగేవారు నాకు తరచు ఎదురవుతుంటారు. ఏది కొనాలన్నది తర్వాతి మాట, ముందు ఎలా చూడాలో తెలుసుకోమన్నదే నా జవాబు. ఆ జవాబునే ఇక్కడ కాస్త విపులంగా రాస్తున్నాను.

సంగతి కొత్తగా వింటున్నవారికోసం రెండు మాటలు. 1970లో అమెరికాలో రాబర్ట్ మోగ్ సంస్థ మినీమోగ్ అనే వాద్యాన్ని తెచ్చింది. ఆ ఇంటిపేరును చాలామంది "మూగ్" అంటారు గానీ, మోగే వాద్యానికి మూగ పేరెందుకు? మోగ్ అనడమే సరైన ఉచ్చారణ కూడాను. 1978లో డేవ్ స్మిత్ రూపొందించిన ప్రాఫెట్-5 ఒకేసారి ఐదు స్వరాలు పలికింది, నాబ్‌ల అమరికలను జ్ఞాపకం పెట్టుకుంది. తరవాత రోలాండ్ వారి జూపిటర్-8 1981లో, జూనో-106 1984లో వచ్చాయి. వీటన్నిటిలోనూ నాదం పుట్టేది విద్యుత్తు సర్క్యూట్లలో. ఆసిలేటర్ ధ్వని తరంగాన్ని పుట్టిస్తుంది, ఫిల్టర్ అందులో కొంత కోసేస్తుంది, ఎన్వలప్ ఆ నాదం ఎంత వేగంగా లేచి ఎలా అణగాలో చెబుతుంది. ఈ పనినంతా అంకెల్లో లెక్కకట్టి చేసేదే ఇప్పటి సాఫ్ట్‌వేర్.

ఇవి మనకు పరాయివేమీ కావు. 1969లోనే అహమ్మదాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో డేవిడ్ ట్యూడర్ మోగ్ సింథసైజరుతో ఒక స్టూడియో ఏర్పాటు చేశాడు. 1982లో బొంబాయి సినిమా వాద్యకారుడు చరణ్‌జిత్ సింగ్ జూపిటర్-8 మీద పది రాగాలు వాయించి రికార్డు చేశాడు. ఎనభైలనాటి మన సినిమా పాటలు విన్న చెవులకు ఈ నాదాలు చిన్ననాటి స్నేహితుల్లాంటివి. అమ్మేవాళ్ళకూ ఆ సంగతి తెలుసు. ఆ మమకారాన్ని చూసే ధర కడుతున్నారు.

అసలు యంత్రం ముందు సాఫ్ట్‌వేర్ ఎందుకూ కొరగాదనే పెద్దలున్నారు. వారితో నేను ఏకీభవించను. పాత యంత్రానికి వేల డాలర్లు కావాలి, ఆపైన మరమ్మతు తెలిసినవాడు కావాలి. జూనో-106లో స్వరాలు పలికించే చిప్‌లు కాలక్రమాన పాడైపోవడం అందరికీ తెలిసిన జబ్బే. రెంటికీ తేడాయే లేదనే కుర్రకారుతోనూ ఏకీభవించను. తేడా ఉంది. ఒక్కో సాఫ్ట్‌వేర్‌కూ మరోదానికీ మధ్య ఇంకా ఉంది. అయితే మన ఇంట్లో పక్కన పెట్టి పోల్చడానికి అసలు మినీమోగ్ లేదు కదా! అంచేత "అసలుకు ఎంత దగ్గర?" అన్న ప్రశ్నకంటె "నా వేలు చెప్పినమాట వింటుందా?" అన్న ప్రశ్నే మనకు ముఖ్యం అని నా అభిప్రాయం.

ఆ ప్రశ్నకు జవాబు ఫొటోలో దొరకదు, పెళ్ళిచూపుల్లోనే దొరుకుతుంది. తయారీదారుల్లో చాలామంది ఉచితంగా పరీక్షించి చూసుకోనిస్తారు. కొన్ని ఇరవై నిమిషాలకు ఆగిపోతాయి, కొన్ని మధ్యమధ్య చిటపటమంటాయి. ఆ మాత్రం ఇబ్బంది ఓర్చుకోవచ్చు. వీడియోల్లో విన్నదాన్ని మాత్రం నమ్మకండి. అక్కడ పెళ్ళికూతురు నిండుగా అలంకరించుకుని కూర్చుంటుంది. మీ ఇంట్లో పరీక్షించేటప్పుడు ముందుగా ప్రతిధ్వని, కోరస్ లాంటి నగలన్నీ తీయించేసి ఒక్క ఆసిలేటర్‌ని విడిగా వినండి. జూనో విషయంలో మాత్రం కోరస్ ఆ వాద్యానికి పుట్టుకతో వచ్చిందే కాబట్టి, ఒకసారి అది లేకుండా, ఒకసారి దానితో వినాలి.

ఇక నేను చేసే పరీక్షలు చెబుతాను. మొదటిది, రంపపు పళ్ళ ఆకారంలో ఉండే తరంగాన్ని తీసుకుని పైస్థాయిలో ఒక స్వరం నొక్కి, పిచ్ వీల్‌ను మెల్లగా పైకి తోయండి. వినిపించేదంతా పైకే పోవాలి. వెనకాల ఏదో సన్నటి ఈల కిందికి దిగుతున్నట్టు వినిపిస్తే అది లెక్కలో లోపం. సెకనుకు 44,100 నమూనాలు తీసే పద్ధతిలో 22,050 హెర్ట్‌జ్ దాటిన నాదానికి చోటు లేదు. దాన్ని ముందే జాగ్రత్తగా తీసేయకపోతే గోడకు కొట్టిన బంతిలా వెనక్కి వచ్చి పడుతుంది.

రెండోది ఫిల్టర్. కీబోర్డు మీది నాబ్‌తో దాన్ని మెల్లగా మూసి తెరవండి. 1983 నుంచి వాడుకలో ఉన్న మిడి పద్ధతిలో మామూలు నాబ్‌కు 128 మెట్లే ఉన్నాయి. మంచి సాఫ్ట్‌వేర్ ఆ మెట్లను కలిపి జారుబల్లగా చేస్తుంది. చేతకానిదైతే మెట్లమీద బిందె దొర్లినట్టు వినిపిస్తుంది. తరవాత రెజొనెన్స్ పెంచండి. మినీమోగ్ పద్ధతి ఫిల్టర్‌లో అది పెరిగేకొద్దీ మంద్రం పలచబడాలి, పూర్తిగా పెంచితే ఫిల్టరే స్వయంగా కూయాలి.

మూడోది స్వభావం. అసలు మినీమోగ్ ఒకేసారి ఒక్క స్వరమే పలుకుతుంది. కింది స్వరం నొక్కిపెట్టి పైది నొక్కితే కిందిదే వినిపిస్తుంది. ఆ మర్యాద ఈ సాఫ్ట్‌వేర్‌కు తెలుసా? ప్రాఫెట్-5 లాంటి వాద్యమైతే ఒకే స్వరాన్ని పదిసార్లు నొక్కండి. అసలుదానిలో ఒక్కో సర్క్యూట్ రవ్వంత తేడాగా పలుకుతుంది. పదిసార్లూ జిరాక్స్ తీసినట్టుంటే ఆ జీవం దీనిలో లేదన్నమాట.

నాలుగో పరీక్ష అమ్మేవాళ్ళ ప్రకటనల్లో కనపడదు, మన సంగీతం నేర్చుకున్న ఇళ్ళకే తెలుస్తుంది. తోడిలో గాంధారం ఒక మీట నొక్కితే వచ్చేది కాదు, రిషభానికీ మధ్యమానికీ నడుమ ఊగాలి. పిచ్ వీల్ పరిధిని నాలుగు మెట్లకు పెంచి, రిషభం మీట మీద వేలుంచి, రెండో చేత్తో ఆ గాంధారాన్ని ఊపి చూడండి. మీ అమ్మాయి వారంవారం పాట నేర్చుకుంటూ ఉంటే ఈ పరీక్షకు ఆమెనే జడ్జిని చేయండి. ఏ పత్రిక సమీక్షకన్నా ఆమె చెవే మీకు ఎక్కువ పనికొస్తుంది.

అయిదోది మీ కంప్యూటర్. ఉదాహరణకు, బెర్లిన్‌కు చెందిన యూహీ సంస్థ 2011లో తెచ్చిన దివా నాదం చక్కనిది. కానీ దాని అత్యుత్తమ నాణ్యత ఎంచుకుంటే కంప్యూటర్‌కు ఆయాసం వస్తుంది. ఎనిమిది స్వరాలు ఒక్కసారి నొక్కిపెట్టి చూడండి. చిటపటలు పోవడానికని బఫర్ పెంచితే ఆలస్యం పెరుగుతుంది. 128 నమూనాలంటే దాదాపు 3 మిల్లీసెకన్లు, 1024 అంటే 23. తబలా పక్కన కూర్చుని వాయించేవాడికి ఆ 23 బాగా తెలుస్తుంది.

చివరగా కాగితాలు చదవండి. సొంతమా, నెలనెలా అద్దెనా? ఎన్ని కంప్యూటర్లలో పెట్టుకోవచ్చు? అక్కర్లేకపోతే ఇంకొకరికి బదిలీ చేయవచ్చా? 2019లో ఆపిల్ కంప్యూటర్లకు కాటలీనా వచ్చినప్పుడు 32 బిట్ల సాఫ్ట్‌వేర్ అంతా ఒక్కసారిగా పనిచేయడం మానేసింది. తయారీదారు దాన్ని సరిదిద్దని చోట కొన్నవారి డబ్బు పోయినట్టే. కాబట్టి పిల్లతోబాటు పుట్టిల్లునూ విచారించాలి. ఆ సంస్థ పాత సరుకును పట్టించుకుంటోందా లేదా అన్నది కొనేముందే చూడాలి.

ఇన్ని చెప్పాక అసలు నా మనవి ఇది. ముప్ఫై వాద్యాల కట్ట చవకగా వస్తోందని కొనకండి. ముప్ఫై వాద్యాలు చేతికొచ్చిన పిల్లవాడు టీవీ ఛానళ్ళు మార్చినట్టు ప్రీసెట్లు మారుస్తాడు గానీ నాబ్ తిప్పడు. ముందుగా సర్జ్ ఎక్స్‌టీ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ ఇచ్చి మూడు నెలలు చూడండి. 1983 నాటి యమహా డీఎక్స్7 నాదం కావాలంటే డెక్సెడ్ ఉచితంగానే దొరుకుతుంది. అన్నట్టు, ఆ డీఎక్స్7 అనలాగ్ కాదు, డిజిటల్. ఎవరైనా దాన్ని అనలాగ్ పేరుతో పొగుడుతుంటే వారి మిగతా మాటలకూ కాస్త తరుగు తీసి వినండి.

మూడు నెలలైనా ఆ పిల్లవాడి ఉత్సాహం తగ్గకపోతే, అప్పుడు ఒక్కటంటే ఒక్కటి, పరీక్షించి కొనండి. ఆ పరీక్ష రోజున మీరూ పక్కన కూర్చోండి. ఫిల్టర్ అంటే ఏమిటో, ఆ ఈల ఎందుకు వచ్చిందో వాణ్ణే తెలుగులో చెప్పమనండి. చెప్పగలిగితే మీ డబ్బు సద్వినియోగమైనట్టే. చెప్పలేకపోతే ఇంకో నెల ఆగండి. తగ్గింపు ధర వచ్చే పండక్కీ మళ్ళీ వస్తుంది, తొందరేమీ లేదు.