వేదికపై తొందర

ఆగస్టు 29వ తేదీ వచ్చిందంటే శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పాఠశాలల్లో ఉపన్యాస పోటీలు జరగడం వాడుక. 1863లో అదే రోజున శ్రీకాకుళం దాపున పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులుగారి జయంతి తెలుగు భాషాదినోత్సవం గదా. పంతులుగారిని గురించి పిల్లలు మాట్లాడే తీరు మాత్రం విచారించదగినది. కంఠస్థం చేసిన నాలుగు పుటలను ఐదు నిమిషాల్లో ఒప్పజెప్పి, గంట మోగేలోగా దిగిపోవాలన్న ఆత్రమే గాని, విన్నవారికి ఏమి చేరిందన్న చింత కనబడదు. పాఠశాలల్లో వాడుకభాషకు చోటుండాలని పోరాడిన మనిషిని, ఎవరికీ అందని వేగంతో స్తుతించడం వింతగానే ఉన్నది.

సభాభయమే దీనికి కారణమని ఉపాధ్యాయులు అంటారు. కొంత నిజమే. అయితే ఈ జిల్లాల్లో మరొక కారణం కద్దు. ఇక్కడి పలుకుబడిని సినిమాల్లో నవ్వులాటకు వాడుకోవడం పిల్లలు చూస్తూనే ఉన్నారు. తమ యాస బయటపడుతుందేమోనన్న శంకతో పుస్తకపు మాటలను ఆశ్రయిస్తారు. అవి నోటికి అలవాటైనవి కావు గనుక, ఆగితే మరచిపోతామని పరుగెత్తుతారు. అట్టి పిల్లవానికి "నెమ్మదిగా మాట్లాడు నాయనా" అని చెప్పి ప్రయోజనం లేదు. అర్థం తెలియని వాక్యంలో ఎక్కడ ఆగాలో ఎవరికి తెలుస్తుంది? మొదట ఆ విషయాన్ని వాని ఇంటి మాటల్లోనే చెప్పనివ్వాలి. తన మాటలో ఊపిరి ఎక్కడ తీసుకోవాలో ఒకరు నేర్పనక్కరలేదు.

ఆ తరువాతనే వేగం సంగతి. దానికి దూరదేశపు గ్రంథాలు వెదకనక్కరలేదు. 1864లో అజ్జాడలో జన్మించి, 1919లో వెలసిన విజయనగరం విజయరామ గానపాఠశాలకు తొలి అధ్యక్షులైన ఆదిభట్ల నారాయణదాసుగారి హరికథా సంప్రదాయమే చాలు. విలంబ, మధ్య, ద్రుతాలు సంగీతానికే పరిమితమా? కథకుడు యుద్ధఘట్టాన్ని పరుగులెత్తిస్తాడు. శోకఘట్టంలో అతని అడుగు నిదానిస్తుంది. ముఖ్యమైన మాటకు ముందు చిడతలు ఆగుతాయి, సభ అంతా చెవి ఒగ్గుతుంది. నెమ్మది అంటే ఆద్యంతం ఒకటే నత్తనడక అనుకొనేవారు ఈ మర్మాన్ని గమనించాలి. (జోకొట్టే ఉపన్యాసాలు పెద్దల సభల్లో కావలసినన్ని ఉన్నవి.) పేర్లు, సంవత్సరాలు, కొత్త పదాలు వచ్చినచోట నిదానం, అందరికీ తెలిసిన కథ వచ్చినప్పుడు కొంచెం వడి.

ఐదు నిమిషాల గడువుకు నాలుగు పుటలు వ్రాసి ఇచ్చే ఉపాధ్యాయులకు కూడా ఈ తొందరలో భాగమున్నది. రెండు పుటలు కొట్టివేయడం వారి చేతిలోని పని. ధారాళత పేరిట వడికి మార్కులు వేయడం న్యాయనిర్ణేతలు మానితే, పాతపట్నం పిల్ల గాని, గజపతినగరం పిల్లవాడు గాని ఒక వాక్యం చెప్పి, ఆగి, ఎదుటివారి ముఖాలు చూడగలుగుతారు.