మేలుకొలుపు ధ్వనులు

చరవాణి యింటింట వెలసిన పిదప కోడికూతకుగాని గుడిగంటకుగాని నిదుర లేచువారు తగ్గిపోయిరి. దిండుప్రక్క నుండు యంత్రమే నేటి వైతాళికుడు. రఘువంశము పంచమసర్గమున వందిపుత్రులు అజకుమారుని స్తుతిపాఠములతో మేలుకొలిపినట్లు చదివియున్నాము. మన వైతాళికునకు అట్టి తారతమ్యజ్ఞానము లేదు. అంగడినుండి వచ్చిననాడు తనలో నే ధ్వని యుండెనో దానినే యెల్లరకును వినిపించును. పరీక్షకు చదువు పిల్లవానికి నదియే, పాలవానికై యెదురుచూచు నిల్లాలికి నదియే, మందు మ్రింగవలసిన వృద్ధురాలికి నదియే.

దీనివలని కష్ట మెవరిదో సోదరీమణులు తమ యిండ్లను తలచుకొనిన చాలును. నాలుగు గంటలకు పిల్లవాని యలారము మ్రోగును. వాడు లేవడు, తల్లి లేచును. అయిదింటికి భర్తగారిది, ఆయన దానిని నొక్కి ప్రక్కకు తిరిగి పరుండును, ఈమెకు మరల నిదుర రాదు. ధ్వను లన్నియు నొక్కటియే యగుటచే ఏది తనదో ఏది పరులదో చెవికి తెలియదు. కావున నన్నియు నామెవే యగును. అంతకంటె ప్రమాదమైన సంగతి యింకొకటి కలదు. దినమునకు పదిమారులు వినబడు మ్రోతను చెవి క్రమముగా లెక్కచేయుట మానును. మే మెరిగిన యొక యింట, నాయనమ్మగారు పరగడుపున వేసికొనవలసిన థైరాయిడ్ మాత్ర వారమునకు రెండు మూడు దినములు కాఫీ త్రాగిన తరువాతగాని జ్ఞప్తికి రాకుండెను. గంట మ్రోగకపోలేదు. అది పాలవేళ గంట యని యెల్లరును తలచుచుండిరి.

ధ్వనిని మార్చుట గొప్ప విద్య కాదు. ఆండ్రాయిడ్ ఫోనులలో గూగుల్ వారి గడియారమును తెరచి, కావలసిన యలారమును విప్పినచో గంటగుర్తును దాని ప్రక్కనే యిప్పటి ధ్వని పేరును కనబడును. దానిని తాకినంతనే ధ్వనుల పట్టిక వచ్చును. అందు క్రొత్తదానిని చేర్చుకొను వీలు కలదు. ఫోనులో దాచియున్న పాటనైనను, మనము స్వయముగా పలికి పట్టియుంచిన మాటనైనను ఎన్నుకొనవచ్చును. ప్రతి యలారమునకును వేరు ధ్వని, వేరు పేరు. ఆ పేరు తెలుగున వ్రాసికొనవచ్చును. ఇతర కంపెనీల ఫోనులలో గుర్తుల చోటు మారునేగాని పద్ధతి యించుమించుగా నిదియే. ఐఫోనులో అలారమును దిద్దుకొనుచోట ‘సౌండ్’ అనుదానిని తాకవలెను. గూగుల్ గడియారపు సెట్టింగులలో ధ్వనిని మెల్లగా మొదలిడి క్రమముగా హెచ్చించు నేర్పాటును గలదు. పసిపిల్ల ప్రక్కలో నిదురించు తల్లులు దీనిని తప్పక వాడుకొనవలెను.

ఇక నే ధ్వనిని పెట్టుకొనవలె ననునది విచారింపదగినది. పెక్కుమంది 1963లో వెలువడిన శ్రీమతి ఎం. ఎస్. సుబ్బులక్ష్మిగారి వేంకటేశ్వర సుప్రభాతమును పెట్టుకొందురు. మాకిది సమ్మతము కాదు. ఆ స్తోత్రము స్వామిని మేలుకొలుపుటకు గాని మనలను లేపుటకు గాదు. రెండవ పాదము ముగియకమునుపే మన బొటనవ్రేలు దాని నోరు నొక్కును. గూగుల్ గడియారమున సామాన్యముగా పది నిమిషములకు, ఐఫోనున చిరకాలము తొమ్మిది నిమిషములకు (2025 నుండి దీనిని మార్చుకొనవచ్చును) మరల మొదటినుండి యెత్తుకొనును. దేవుని మూడుమారులు లేపి మనము పరుండియుండుట యేమి భక్తి! సుప్రభాతమును లేచిన పిదప వంటయింట తుదివరకు వినుడు. మిక్కిలి యిష్టమైన పాటయు నీ పనికి తగదు. కొన్ని మాసములకు అది తెగిన నిదురతో ముడిపడిపోవును. పెండ్లిపందిటిలో వినబడినను గుండె యదరును.

అట్లని కీచుమను బీప్ ధ్వనులే మేలని కాదు. 2020లో మెల్బోర్న్ నగరపు ఆర్.ఎం.ఐ.టి. విశ్వవిద్యాలయమువారు 50 మందిని ప్రశ్నించి ప్రకటించిన వ్యాసమున, రాగము గలదిగా తోచు ధ్వనితో లేచువారికి లేచిన పిదప మబ్బు తక్కువగా నున్నట్లు తేలినది. అది వారు స్వయముగా చెప్పిన మాటలపై నాధారపడినది, మందియు కొలది. ఐనను భూపాలమును బౌళిని తెల్లవారుజాముకై యుంచుకొన్న మనకు వింతగా తోచదు. పదములు లేని వీణనాదమో వేణునాదమో చాలును.

వృద్ధుల విషయము వేరు. వయస్సుతో మొదట సన్నగిలునది హెచ్చుస్థాయి ధ్వనులను వినుశక్తి. పొగను కనిపెట్టి కూయు యంత్రములపై జరిగిన పరిశోధనలలో 3,100 హెర్ట్జుల కీచుధ్వనికంటె 520 హెర్ట్జుల మంద్రధ్వనియే నిదురించు వృద్ధులను, పిల్లలను బాగుగా లేపినట్లు కనబడినది. కావున అత్తగారి ఫోనులో సన్నని చిరుగంటలు పెట్టి, ఆమె వినలేదని విసుగుకొనుట న్యాయము కాదు. పైని చెప్పిన యింట మనుమని గొంతునే పట్టి మాత్రవేళకు పెట్టిరి: “నాయనమ్మా, ముందు మాత్ర, తరువాత కాఫీ!” ఆమె యిపుడు ఆ యంత్రమునకు “వేసికొంటినిరా” యని బదులుకూడ చెప్పుచున్నారట.

ధ్వనులను మార్చిననాడే రెండు నిమిషముల తరువాతి వేళకు ఒక యలారము పెట్టి, మంచముప్రక్క ఫోను నుంచి, తలుపు వేసి పరీక్షింపుడు. ఆండ్రాయిడ్ ఫోనులలో అలారపు బిగ్గర వేరు, పిలుపు బిగ్గర వేరు. ఒకటి హెచ్చించిన రెండవది హెచ్చదు. కొన్నిటియందు సంపూర్ణ నిశ్శబ్దమను ఏర్పాటు అలారములను సైతము మూయును. రాత్రి ఛార్జింగు తీరి ఆరిపోయిన ఫోను వేకువను పలుకదు. మాత్ర విషయమై యింట నొక గోడగడియారమును, ఒక మనిషి జ్ఞాపకమును గూడ నుంచుకొనుడు.