తరాజు ఒక్కటే ఉండాలి భాయ్!



అన్ని కాలాల్లోనూ అందరికంటే గొప్ప ఖిలాడీ ఎవరు? మన ఇళ్ళల్లో ఈ సవాల్ ఎప్పటికీ పాతబడదు. ఈద్ రోజు షీర్ ఖుర్మా గిన్నెలు ఖాళీ కాకముందే బహస్ మొదలైపోతుంది. చాచాలకు ముహమ్మద్ అలీ. కుర్రాళ్ళలో సగం మందికి మెస్సీ, సగం మందికి రొనాల్డో. క్రికెట్ పిచ్చివాళ్ళు బ్రాడ్‌మన్ దగ్గర మొదలుపెట్టి సచిన్ దగ్గరికొచ్చి గొడవపడతారు. ఒకరు ఉసేన్ బోల్ట్ అంటారు. ఇంకొకరు మైకేల్ ఫెల్ప్స్ గెలిచిన 23 ఒలింపిక్ బంగారు పతకాలు లెక్కపెడతారు. నాకీ బహస్ చాలా ఇష్టం. ఆపమని చెప్పడానికి రాయడం లేదు. నా ఎతరాజ్ ఒక్కటే. ఇన్ని పేర్లలో ఒక్క ఆడమనిషి పేరు ఉండదు. ఎవరైనా సెరీనా విలియమ్స్ అంటే, "అది లేడీస్ లో కదా" అని పక్కన పెట్టేస్తారు.

నా దావా సూటిగా చెప్తాను. మీ లెక్కలతోనే, మీ తరాజులోనే తూచి చూస్తే అందరికంటే గొప్ప ఖిలాడీ హీథర్ మెకే. ఆస్ట్రేలియా మనిషి, స్క్వాష్ ఆడేది. పేరు వినలేదా? ఎందుకు వినలేదన్నది కూడా మాట్లాడుకుందాం. ముందు హిసాబ్ చూద్దాం.

ఆమె 1941లో న్యూ సౌత్ వేల్స్ లోని క్వీన్‌బియన్ అనే ఊళ్ళో పుట్టింది. పదకొండు మంది పిల్లలున్న ఇల్లు. అసలు ఆమె ఆట హాకీ. హాకీకి ఒళ్ళు గట్టిగా ఉండాలని స్క్వాష్ కోర్టులోకి అడుగుపెట్టింది. స్క్వాష్ తెలియనివాళ్ళకు ఒక్క మాటలో చెప్తాను. నాలుగు గోడల మధ్య ఇద్దరు మనుషులు, ఒక చిన్న రబ్బరు బంతి. ఎదుటి గోడకు కొట్టిన బంతిని రెండోసారి నేల తాకకముందే అవతలి మనిషి అందుకోవాలి. ఊపిరి తీసుకునే ఫుర్సత్ ఉండదు.

ఆ ఆటలో 1962 నుంచి 1977 దాకా వరసగా 16 సార్లు బ్రిటిష్ ఓపెన్ గెలిచింది. అప్పట్లో ఆడవాళ్ళకు వరల్డ్ ఛాంపియన్‌షిప్ లేదు. బ్రిటిష్ ఓపెన్ గెలిచినవాళ్ళనే దునియాలో మొదటివాళ్ళుగా చూసేవారు. 1976లో ఆడవాళ్ళ వరల్డ్ ఓపెన్ మొదలైతే, మొట్టమొదటిది కూడా ఆమే గెలిచింది. 1979లో మళ్ళీ గెలిచింది. 1968 బ్రిటిష్ ఓపెన్ ఫైనల్ స్కోరు 9-0, 9-0, 9-0. ఫైనల్ దాకా వచ్చిన మనిషికి ఒక్క పాయింట్ కూడా దక్కలేదు.

అసలు లెక్క ఇంకా ఉంది. కెరీర్ మొత్తంలో ఆమె ఓడినవి రెండే రెండు మ్యాచ్‌లు. ఒకటి 1960లో, ఇంకొకటి 1962లో. ఆ తర్వాత 1981లో ఆట మానేసేదాకా ఆమెను ఓడించినవాళ్ళు లేరు. పందొమ్మిదేళ్ళు! ఆమె చివరిసారి ఓడిన ఏడాది పుట్టిన పిల్ల కాలేజీలో చేరిపోయింది, ఈమె మాత్రం గెలుస్తూనే ఉంది. మధ్యలో ఆస్ట్రేలియా తరఫున హాకీ కూడా ఆడింది. కెనడా వెళ్ళాక రాకెట్‌బాల్ అనే ఇంకో ఆట నేర్చుకుని, అందులోనూ అమెరికాలో, కెనడాలో ఛాంపియన్ అయ్యింది.

ఇప్పుడు మీ హీరోలను తెండి. జహంగీర్ ఖాన్ పేరు చెప్తే మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళ కళ్ళు ఇప్పటికీ మెరుస్తాయి. మెరవాలి కూడా, హక్ ఉంది. 1981 నుంచి 1986 దాకా ఐదేళ్ళు ఓటమి లేదు, వరసగా 10 బ్రిటిష్ ఓపెన్‌లు. ఇదీ అదే స్క్వాష్. ఆయన ఐదేళ్ళ పక్కన ఆమె పందొమ్మిదేళ్ళు పెట్టండి. ఆయన పది పక్కన ఆమె పదహారు పెట్టండి. అమెరికా హర్డిల్స్ రన్నర్ ఎడ్విన్ మోజెస్ 1977 నుంచి 1987 దాకా వరసగా 122 పరుగులు గెలిచాడు. కమాల్ మనిషి. అదీ పదేళ్ళ లోపే. ముహమ్మద్ అలీ 61 ఫైట్లలో ఐదు ఓడాడు. తరాజులో ఏ వైపు ముల్లు మొగ్గుతోందో మీరే చూడండి.

మీరు ఏం దలీల్ తెస్తారో నాకు తెలుసు. ఒక్కొక్కటే తీసుకుందాం.

మొదటిది: "ఆ రోజుల్లో ఆడవాళ్ళ స్క్వాష్ లో ముకాబలా ఎక్కడుంది?" నిజమే, ఆడే దేశాలు తక్కువ, డబ్బు తక్కువ. ఒప్పుకుంటాను. అయితే ఇదే కొలత బ్రాడ్‌మన్ కు ఎందుకు పెట్టరు? ఆయన ఆడిన 52 టెస్టుల్లో 37 ఒక్క ఇంగ్లండ్ మీదే. మిగతా పదిహేను ఇండియా, సౌతాఫ్రికా, వెస్టిండీస్ మీద. టెస్టులు ఆడింది రెండే దేశాల గడ్డ మీద, ఆస్ట్రేలియాలో, ఇంగ్లండ్ లో. అయినా 99.94 సగటు చెప్పగానే అందరం తల వంచి సలాం చేస్తాం. చేయాలి కూడా. తన కాలంలో తనకు దొరికినవాళ్ళందరికంటే అంత ఎత్తున నిలబడ్డాడు కాబట్టి. హీథర్ మెకే కూడా తనకు దొరికినవాళ్ళందరికంటే ఎత్తున నిలబడింది. ఒకే దలీల్ మగవాడి దగ్గర మాఫీ, ఆడమనిషి దగ్గర సజా అయితే దాన్ని ఇన్సాఫ్ అనరు.

రెండోది: "మగవాడితో ఆడితే ఓడిపోయేది కదా?" దీనికి జవాబు బాక్సింగ్ లోనే ఉంది. అక్కడ బరువును బట్టి పోటీ పెడతారు. హెవీవెయిట్ తో కొట్లాడితే ఓడిపోతాడని ఫ్లైవెయిట్ ఛాంపియన్ ను ఎవరూ తక్కువ చేయరు. ఇంకో లెక్క చెప్తాను. 1924 పారిస్ ఒలింపిక్స్ లో మగవాళ్ళ 100 మీటర్లు గెలిచిన హెరాల్డ్ అబ్రహామ్స్ టైం 10.6 సెకన్లు. 1988లో ఫ్లోరెన్స్ గ్రిఫిత్ జాయ్‌నర్ అనే ఔరత్ 10.49 సెకన్లలో పరిగెత్తింది. మరి అబ్రహామ్స్ బంగారు పతకం వెనక్కి తీసుకుందామా? తీసుకోం. ఎవరి గొప్పతనమైనా వాళ్ళ మైదానంలో, వాళ్ళ పోటీదారుల మధ్యనే తూస్తాం. ఆ కాయిదా అందరికీ ఒకటే.

మూడోది: "ఏదో ఒక్క మనిషి విషయంలో అలా జరిగింది." కాదు భాయ్. నెదర్లాండ్స్ లో ఎస్తర్ వెర్‌గీర్ ఉంది. చక్రాల కుర్చీలో కూర్చుని టెన్నిస్ ఆడింది. 2003 నుంచి 2013లో ఆట మానేసేదాకా సింగిల్స్ లో వరసగా 470 మ్యాచ్‌లు గెలిచింది. పదేళ్ళు ఓటమి లేదు. ఈమె పేరు కూడా మన బహస్ లో ఎప్పుడూ రాదు.

ఇక్కడికి వచ్చేసరికి చాచాలు తరాజు మార్చేస్తారు. "గెలుపోటములు కాదు బేటా, అలీ హిమ్మత్ చూడు" అంటారు. చూస్తాను, తప్పకుండా చూస్తాను. 1967లో వియత్నాం జంగ్ కు ఫౌజ్ లో చేరనన్నాడు. టైటిల్ పోయింది. ఐదేళ్ళ జైలు శిక్ష పడింది. అప్పీల్ మీద బయట ఉన్నాడు గానీ, మూడున్నరేళ్ళు, సరిగ్గా జవానీ ఉడుకుతున్న రోజుల్లో, రింగ్ దూరమైంది. 1971లో సుప్రీం కోర్టు ఆ శిక్షను కొట్టేసింది. పోయిన ఏళ్ళను మాత్రం ఎవరూ తిరిగి ఇవ్వలేదు. ఆ ఇన్సాన్ ముందు నేనూ తల వంచుతాను.

కానీ హిమ్మత్ తరాజు తెచ్చారు కాబట్టి అందులోనూ ఒక ఔరత్ ను కూర్చోబెడతాను. అల్జీరియా అమ్మాయి హసీబా బుల్‌మెర్కా. 1991లో టోక్యోలో 1500 మీటర్ల ప్రపంచ ఛాంపియన్ అయ్యింది. ఆఫ్రికా ఖండం నుంచి అథ్లెటిక్స్ లో ప్రపంచ టైటిల్ గెలిచిన మొదటి మహిళ ఆమే. గెలిచి ఇంటికొస్తే నిక్కరుతో పరిగెత్తిందని కట్టర్‌వాదులు ఆమె మీద విరుచుకుపడ్డారు. జాన్ తీస్తామన్న బెదిరింపులు వచ్చాయి. దేశం బయట ఉండి తయారవ్వాల్సి వచ్చింది. 1992లో బార్సిలోనాలో పరిగెత్తింది. గెలిచింది. అల్జీరియా చరిత్రలో మొట్టమొదటి ఒలింపిక్ బంగారు పతకం అది. అలీ మీద ఒక హుకూమత్ కక్ష కట్టింది. హసీబా మీద తుపాకుల నీడ పడింది. ఎవరి హిమ్మత్ ఎక్కువని నేను తూచను. ఇద్దరూ ఒకే సఫ్ లో నిలబడతారని మాత్రం చెప్తాను.

అంటే లెక్కల తరాజులోనూ ఆడపేరు ఉంది, హిమ్మత్ తరాజులోనూ ఉంది. లేనిది మన నోట్లోనే.

ఇప్పుడు, ఎందుకు వినలేదన్న మాట. మనం ఆడవాళ్ళ ఆట చూసే తీరు గుర్తు తెచ్చుకోండి. మన హైదరాబాద్ సానియా మీర్జా ఆరు గ్రాండ్ స్లామ్ టైటిళ్ళు గెలిచింది. 2015లో డబుల్స్ లో దునియాలో నంబర్ వన్ అయ్యింది. ఆ ఆరు టైటిళ్ళ పేర్లు ఎంతమంది చెప్పగలరు? ఆమె స్కర్ట్ పొడవు గురించి మాట్లాడినవాళ్ళు మాత్రం గల్లీకి పదిమంది ఉన్నారు. నిజామాబాద్ నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్ లో, 2023లో ఢిల్లీలో బాక్సింగ్ ప్రపంచ ఛాంపియన్ అయ్యింది. ఆమె చిన్నప్పుడు, ఆడపిల్లకు ఈ ఆటేంటి, ఆ నిక్కర్లేంటి అని తెలిసినవాళ్ళే అన్నారని ఆ కుటుంబమే పత్రికలకు చెప్పింది. ఆమె అబ్బా ఆ మాటలు చెవిన పెట్టకుండా బిడ్డను మైదానానికి తీసుకెళ్ళాడు కాబట్టి మనకొక ఛాంపియన్ దక్కింది. చెవిన పెట్టిన అబ్బాల బిడ్డలెవరో, వాళ్ళేం గెలిచేవాళ్ళో ఏ రికార్డు పుస్తకంలోనూ ఉండదు.

అందుకే ఈ బహస్ ను నేను కేవలం టైంపాస్ అనుకోను. మనం "గొప్ప" అని ఎవరి పేరు చెప్తామో ఇంట్లో పిల్లలు వింటారు. పదేళ్ళ బచ్చా వింటాడు, రేపు గల్లీలో ఆ పేరు పెట్టుకుని ఆడతాడు. పదేళ్ళ బచ్చీ కూడా వింటుంది. పది పేర్లు విని, అందులో తనలాంటిది ఒక్కటీ లేదని సమజ్ చేసుకుంటుంది. ఎవరూ ఆమెను వద్దనక్కర్లేదు. తనంతట తానే షూస్ అటక మీద పెట్టేస్తుంది.

నా ఫైసలా మారదు. ఆటలో గొప్ప అంటే ఎవరూ ఓడించలేని మనిషి. ఆ లెక్కన నా వోటు హీథర్ మెకేకు. కాదనేవాళ్ళు రండి, ఖుషీగా బహస్ చేద్దాం. మెస్సీని తెండి, బోల్ట్ ను తెండి, అలీని తెండి. కాకపోతే రెండు షరతులు. అందరికీ ఒకటే తరాజు వాడాలి. అలాగే, ఆ రోజు ఇంట్లో ఆడపిల్లలు కూడా దస్తర్‌ఖాన్ దగ్గర కూర్చుని వాళ్ళ వోటు వేయాలి. చాయ్ సంగతి మగపిల్లలు చూసుకుంటారు.