లోడు దిగేటప్పుడు ఇంటావిడ కూడా నోరు విప్పాలి

ఇల్లు కట్టుకునేటప్పుడు ఏ సిమెంటు మంచిది, ఏ ఇనుము గట్టిది అని నెలల తరబడి మాట్లాడుకుంటాం. ఆ సరుకు లారీ మీంచి దించే మనిషి ఎక్కడ కాలు పెడుతున్నాడో మాత్రం చూడం. ఎవరన్నా అడిగితే, "వాళ్ళకి అలవాటేలే" అనేస్తాం.

నాకు ఆ మాట నచ్చదు. అలవాటు ఉంటే కాలు జారకుండా ఉంటుందా? సిమెంటు బస్తా 50 కిలోలు. లారీ తొట్టి నేలకి నాలుగైదు అడుగుల ఎత్తు, లోడు మీద నిలబడితే ఇంకా పైన. అక్కడి నుంచి వెల్లకిలా పడితే నడుమో తలో దెబ్బతింటుంది. మేడ మీంచి పడితేనే ప్రమాదం అనుకోవడం మన పొరపాటు.

రాళ్ళ సంగతి మరీ భయం. మన పొదిలికి చీమకుర్తి గ్రానైటు దగ్గరే కదా, వంటగట్టుకి అదే తెప్పించుకుంటాం. ఆ పలకలు నిలబెట్టి కట్టి తెస్తారు. తాళ్ళన్నీ ఒక్కసారే విప్పితే మీదికి ఒరుగుతాయి. తప్పించుకోబోయి వెనక్కి అడుగేస్తే, అక్కడ తొట్టి అయిపోయి ఉంటుంది.

సొంతింటికి 10 లక్షల లోపు ఖర్చయ్యే పనిని, 2025 దాకా అమల్లో ఉన్న 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం వదిలేసింది. చిన్న ఇళ్ళ దగ్గరికి తనిఖీకి ఎవరొస్తారు? మగవాళ్ళు పనులకి పోయాక, లారీ వచ్చే వేళకి అక్కడుండేది చాలాసార్లు మనమే. కాబట్టి మనమే అడగాలి.

ఏం అడగాలంటే: బండి చదును నేల మీద ఆపించండి, టైర్ల కింద రాళ్ళు పెట్టించండి. డోరు తీసేటప్పుడు దాని ఎదురుగా ఎవరూ నిలబడకూడదు. దూకడం వద్దు, ఇంట్లో నిచ్చెన ఉంటే ఇవ్వండి. బస్తాని ఒకరు తొట్టి అంచుకి జరిపితే ఇంకొకరు కిందినుంచి అందుకోవాలి. పలకల తాళ్ళు ఒక్కోటే విప్పాలి. చీకటి పడ్డాక, వాన తడి మీద లోడు దించనివ్వొద్దు. పిల్లల్ని లోపలే ఉంచండి.

"తొందరగా కానివ్వండి" అనే మాట మన నోట రాకూడదు. లోడుకింత అని గుత్తకి మాట్లాడుకున్న జట్టుకి ఎలాగూ ఇంకో లోడు తొందర ఉంటుంది. దానికి మన తొందర కూడా కలిస్తే ఎలా? అరగంట ఆలస్యమైతే మన స్లాబేం ఆగిపోదు.

ఇంకోటి. బ్యాంకు ఖాతా ఉండి 18 నుంచి 70 ఏళ్ళ లోపు వాళ్ళకి ప్రధానమంత్రి సురక్షా బీమా ఉంది. ఏడాదికి 20 రూపాయలు కడితే, ప్రమాదంలో ప్రాణం పోతే కుటుంబానికి 2 లక్షలు వస్తాయి. జట్టులో ఎవరికి లేదో టీ ఇచ్చేటప్పుడు అడగండి.

"ఆడవాళ్ళకెందుకివన్నీ" అంటారు కొందరు. అననీండి. ఆ కూలీ మంచాన పడితే ఇల్లు నెట్టుకురావాల్సింది వాళ్ళింటి ఆడమనిషే కదా. ఆ కష్టమేంటో మనకి తెలియంది కాదు.