పాలపళ్ల సాక్ష్యం

పిల్లలూ! మీ పాలపన్ను ఊడినప్పుడు ఏం చేశారు? ఇంటికప్పు మీదికి విసిరి ఉంటారు, లేదా మట్టిలో పాతి ఉంటారు. అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో పిల్లలు 1958 చివరినుంచి తమ పళ్లను శాస్త్రజ్ఞులకు పంపసాగారు! పంపినవారికి చొక్కాకు తగిలించుకునే బిళ్ల ఒకటి వచ్చేది. తన పన్ను శాస్త్రానికి ఇచ్చానని దానిమీద రాసి ఉండేది.

ఊడిన పళ్లతో శాస్త్రజ్ఞులకేం పని?

ఆ రోజుల్లో అమెరికా, సోవియట్ యూనియన్, బ్రిటన్ అణుబాంబులను ఆరుబయట పేల్చి పరీక్షించేవి. పేలుడులో పుట్టిన స్ట్రాన్షియం-90 అనే పదార్థం ధూళితోపాటు ఆకాశానికెక్కి, గాలివెంట వేలమైళ్లు పోయి, వానతో గడ్డిమీద పడేది. ఆ గడ్డిని ఆవు మేసేది. ఆవుపాలు పిల్లలు తాగేవారు. స్ట్రాన్షియం కాల్షియంకు దాయాదివంటిది. శరీరం దాన్ని కాల్షియమే అనుకుని ఎముకల్లోకీ, పళ్లలోకీ చేర్చుకుంటుంది. అక్కడ కూచుని అది కంటికి కనిపించని కిరణాలు విడుస్తూంటుంది. 29 ఏళ్లు గడిచినా సగమే తరుగుతుంది. మన రక్తం తయారయేది ఎముకల మజ్జలోనే గదా! కిరణాలు మోతాదు మించితే రక్తానికీ, ఎముకలకూ క్యాన్సర్ రావచ్చు.

ఎవరి ఒంట్లో ఎంత చేరిందో తెలిసేదెలా? బతికున్న పిల్లవాడి ఎముక తీసి చూడలేం. పాలపన్నయితే దానంతటదే ఊడుతుంది. పైగా దాని పైభాగం తల్లికడుపులోనే మొదలై, బిడ్డకు ఏడాది నిండేలోగా తయారవుతుంది. కనక ఏడేళ్లకు ఊడిన పన్ను బిడ్డ పుట్టిననాటి సంగతి చెబుతుంది.

ఈ పని నడిపినది డాక్టర్ లూయీజ్ రీస్ అనే ఆమె. ఒక్క పన్నులోని స్ట్రాన్షియం కొలతకు అందనంత కొంచెం. అందుచేత ఒకే ఏట పుట్టినవారి పళ్లను పోగుచేసి, తల్లిపాలు తాగినవారివి ఒకవైపు, సీసాపాలు తాగినవారివి ఒకవైపు పెట్టి, పొడిచేసి, స్ట్రాన్షియంను వేరుచేసి, అది విడిచే కిరణాలను యంత్రంతో లెక్కించేవారు. ఎంత ఓపిక కావాలో చూడండి!

1961లో మొదటి ఫలితాలు వెలువడ్డాయి. పరీక్షలు పెరిగినకొద్దీ పళ్లలో స్ట్రాన్షియం పెరిగింది. 1950లో పుట్టినవారికంటే 1963లో పుట్టినవారి పళ్లలో అది దాదాపు 50 రెట్లు ఉన్నదని తరవాత తేలింది. 1963లోనే ఆ మూడు దేశాలూ ఆరుబయట పరీక్షలు మానుతామని ఒప్పందం చేసుకున్నాయి. పళ్లవల్లనే అది కుదిరిందనడం అతిశయోక్తి. కాని తల్లిదండ్రుల భయం పెద్దల చెవిన పడటానికి అవి తోడ్పడ్డాయి.

ఒక్కమాట. పన్ను చెప్పినది ఒంట్లో ఎంత చేరిందో మాత్రమే. దానివల్ల ఎవరికి జబ్బు చేసిందో అది చెప్పలేదు.

1970లో పని ముగిసేసరికి 3 లక్షల పైచిలుకు పళ్లు పోగయాయి. 2001లో ఆ ఊరి వాషింగ్టన్ విశ్వవిద్యాలయంవారి పాత మందుగుండు కొట్టులో దాదాపు 85,000 పళ్లు మళ్లీ బయటపడ్డాయి. చిన్ననాడు ఒంట్లో చేరిన లోహాలకూ ముసలితనపు జ్ఞాపకశక్తికీ సంబంధమేమిటో తెలుసుకోవటానికి 2021 ప్రాంతంలో హార్వర్డ్ శాస్త్రజ్ఞులు వాటిని మళ్లీ చేతపట్టారు. ఆ పళ్ల సొంతదారులు ఇప్పుడు తాతయ్యలూ, అమ్మమ్మలూ!