కూత ఆపితే డిస్కు బాగవుతుందా?

మొన్న ఎండాకాలం గుంటూరెళ్ళినప్పుడు తెలిసినాయన కోల్డ్ స్టోరేజీకి వెళ్ళా. ఆఫీసు గదిలో సర్వర్ ఒకటే కూత! "అదేంటండీ?" అంటే, "రోజూ ఉండేదే బాబూ, సిస్టం పెట్టిన కుర్రాడు ఫోన్లో చెప్పాడు, మ్యూట్ నొక్కితే సరి" అన్నారు గుమాస్తా గారు.

చూస్తే రెయిడ్ 5, మూడు డిస్కుల్లో ఒకటి పోయింది. ఇంకొకటి పోతే ఏ రైతు మిర్చి టిక్కీలు ఏ ఛాంబర్లో ఉన్నాయో, సరుకు మీద ఎవరికెంత అప్పిచ్చారో, అంతా గోవిందా! ముందు కాపీ తీసి, ఆ తర్వాతే కొత్త డిస్కు పెట్టించా. ఎందుకంటే రీబిల్డ్‌లో మిగిలిన డిస్కుల్ని మొదట్నుంచి చివరిదాకా చదవాలి. అవీ అదే రోజు కొన్నవే, అంతే అరిగినవే.

నా కోపం గుమాస్తా గారి మీద కాదు, మన మీదే. "రెయిడ్ పెట్టాం, ఇంక భయం లేదు" అని బిల్లు తీసుకునేది మనమేగా! కంట్రోలర్ బ్యాటరీ చస్తే, కరెంటు పోయినప్పుడు కాష్‌లో డేటా పోకూడదని అది రైట్-త్రూకి మారి నెమ్మదిస్తుంది. బ్యాటరీ మార్చకుండా బలవంతంగా రైట్-బ్యాక్ పెట్టేసే మహానుభావులు కూడా మనలోనే ఉన్నారు.

అయ్యా, రెయిడ్ బ్యాకప్ కాదు. పొరపాటున చెరిపిన ఖాతాని అన్ని డిస్కుల్లోంచీ శ్రద్ధగా చెరిపేస్తుంది. బీరువాలో స్పేర్ డిస్కు, వేరేచోట ఇంకో కాపీ, అలారం ఎవరి ఫోనుకెళ్ళాలో తేల్చడం... ఈ మూడూ లేనిదే పని అయిపోయిందనకండి.

మీరు పెట్టొచ్చిన సర్వర్ కూస్తే వినేవాళ్ళున్నారా?