విడుదల బోర్డు ముందు తొలిసారి చెప్పే నొప్పి

2022 జూన్‌లో, కుర్రాళ్లను అగ్నివీరులుగా నాలుగేళ్లకు సైన్యంలోకి తీసుకునే అగ్నిపథ్ పథకం వచ్చింది. తొలి జట్ల నాలుగేళ్ల గడువు 2026 చివర, 2027 మొదట్లో ముగుస్తుంది. నలుగురిలో ఒకరికి మించి సైన్యంలో ఉంచుకోరు. మిగిలిన ముగ్గురూ పాతికేళ్లకు అటూ ఇటూగా ఉన్న వయసులో ఇంటిదారి పడతారు. తెనాలి, బాపట్ల, రేపల్లె చుట్టుపక్కల ఊళ్ల నుంచి వెళ్లిన కుర్రాళ్లూ అందులో ఉంటారు. వీళ్లకు పింఛను లేదు. సర్వీసు కారణంగా వైకల్యం వస్తే ఒక్కసారి ఇచ్చే పరిహారమే ఉంది: నూరు శాతానికి 44 లక్షలు, 75 శాతానికి 25 లక్షలు, 50 శాతానికి 15 లక్షలు. ఆ శాతాన్ని తేల్చేది మెడికల్ బోర్డు. బోర్డు చూసేది కాగితాన్ని.

ప్రమాదం ఉన్నది ఆ కాగితం దగ్గరే. మన పిల్లలు నొప్పిని దాచుకుంటారు. మోకాలు వాచినా, చెవిలో హోరు పెట్టినా, నడుము పట్టేసినా యూనిట్‌లోని వైద్య పరీక్షల గదికి, అంటే ఎంఐ రూమ్‌కు వెళ్లరు. వెళ్తే పూర్తి ఆరోగ్యవంతుడన్న ‘షేప్ వన్’ గుర్తింపు పోతుందని, మెడికల్ కేటగిరీ పడితే ప్రమోషన్ ఆగుతుందని, కోర్సు చేజారుతుందని భయం. అగ్నివీరుడికి ఆ భయం ఇంకా ఎక్కువ. పర్మనెంట్ చేసుకునే పాతిక శాతంలో పేరు ఉండాలంటే ఒంట్లో బాగాలేదన్న మాట రికార్డుకెక్కకూడదనుకుంటాడు. మాత్ర మింగి పరుగు పూర్తి చేస్తాడు. ఇది పిరికితనం కాదు. వ్యవస్థే నేర్పిన జాగ్రత్త. అయితే దాని ఖరీదు చివర్లో అతనే కట్టాలి.

అగ్నివీరుడైనా, పాత పద్ధతిలో చేరిన జవానైనా, రిలీజ్ మెడికల్ బోర్డు కాగితాల్లో స్వయంగా నింపే పేజీ ఒకటుంటుంది. సర్వీసులో చేరకముందు ఏమైనా జబ్బు ఉందా, ఇప్పుడు ఏ జబ్బుతో, ఏ గాయంతో బాధపడుతున్నావు, అది ఎప్పుడు, ఎక్కడ మొదలైంది, ఏ ఆసుపత్రిలో చూపించుకున్నావు అని అందులో అడుగుతారు. రైలు టికెట్టు చేతిలో పెట్టుకున్నవాడు ఆ గళ్లన్నిటిలో ‘లేదు’ అని రాసి సంతకం పెట్టేస్తాడు. కొందరికి అప్పుడే వెలుగుతుంది. పదిహేడేళ్లు ఫిరంగుల పక్కన నిలబడ్డ చెవి సంగతి ఆ రోజు చెబుతారు. డాక్టరు వేసే మొదటి ప్రశ్న, ‘ఇంతకుముందు ఎక్కడ చూపించావు?’ జవాబుగా చూపించడానికి చీటీ ఒక్కటీ ఉండదు. అప్పుడు బోర్డు ఆ జబ్బును అసలు నమోదు చేయకపోవచ్చు. చేసినా, సర్వీసు వల్ల రాలేదు, సర్వీసులో ముదరలేదు అని రాసి పంపవచ్చు. మాజీ సైనికులు ‘నానా’ అని పిలుచుకునే తీర్పు ఇదే.

దీనికి సుప్రీంకోర్టు ఉందిగా అంటారు. ఉంది. 2013 జులైలో ధరంవీర్ సింగ్ కేసులో, చేరినప్పుడు లేని జబ్బు తర్వాత కనిపిస్తే అది సర్వీసు వల్లే వచ్చిందని భావించాలని, కాదని నిరూపించే బాధ్యత ప్రభుత్వానిదేనని చెప్పింది. మూర్ఛవ్యాధితో బయటికి పంపిన సిపాయి కేసు అది. 2014 డిసెంబరులో రామ్ అవతార్ కేసులో, మామూలుగా రిటైరైనవాళ్లకూ వైకల్య శాతాన్ని పై మెట్టుకు సవరించాలని తేల్చింది. రెండూ గొప్ప తీర్పులే. కానీ వాటిని తాయెత్తులా కట్టుకుని కూర్చుంటే పని జరగదు. బోర్డు నమోదు చేసిన జబ్బు దేనివల్ల వచ్చిందన్నదే ధరంవీర్ తీర్పు చూసింది. బోర్డు కాగితంలోనే లేని జబ్బుకు శాతం ఉండదు, శాతం లేకపోతే డబ్బు లెక్కకట్టే దారి లేదు. పైగా 2023 సెప్టెంబరు 21 తర్వాత బయటికి వస్తున్నవాళ్లకు వర్తించేవి కొత్త నిబంధనలు. పాత నిబంధనల మీద వచ్చిన తీర్పు తమను యథాతథంగా కాపాడుతుందని ఎవరూ ధీమాగా ఉండకూడదు.

విడుదలయ్యాక బయటపడే జబ్బులకు దారి పూర్తిగా మూసేయలేదు. ఆ జబ్బుకు బీజం సర్వీసులోనే పడిందని వైద్యపరంగా రుజువు చేయగలిగితే పరిశీలిస్తారు. ఆ రుజువు మళ్లీ పాత చీటీల దగ్గరికే వస్తుంది. తిరస్కరిస్తే ఆరు నెలల్లో మొదటి అప్పీలు, అదీ పోతే రెండోది, ఆ తర్వాత సాయుధ దళాల ట్రైబ్యునల్. మన రాష్ట్రానికి చెన్నై బెంచి. రేపల్లె నుంచి తెనాలి వచ్చి అక్కడ చెన్నై రైలెక్కే మనిషికి వాయిదా ఒక్కొక్కటీ ఎంతవుతుందో లెక్క వేసుకోవచ్చు. ఏళ్ల తరబడి ఆగి వెళ్తే, గెలిచినా పింఛను బకాయి సాధారణంగా మూడేళ్లకు మించి రాదు. 2008లో తర్సేమ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు పెట్టిన హద్దు అది.

అమెరికాలో 2007లో వాల్టర్ రీడ్ సైనిక ఆసుపత్రి దుస్థితి రచ్చకెక్కాక సైన్యం, మాజీ సైనికుల శాఖ కలిసి ఒకే పరీక్ష చేసే పద్ధతి తెచ్చారు. ఫైలు మొదలైన రోజే జబ్బులన్నీ చెప్పమంటారు. అక్కడ సేవ ముగిసిన ఏడాదిలోపు దరఖాస్తు చేస్తే విడుదలైన మర్నాటి నుంచే పరిహారం లెక్కిస్తారు. మన దగ్గర అలాంటి వెసులుబాటు కోసం ఎదురుచూస్తూ కూర్చోలేం.

ఇంకో మాట కూడా చెప్పాలి. లేని జబ్బును చివర్లో చేర్పిస్తామని, వచ్చిన బకాయిలో వాటా ఇమ్మని తిరిగే దళారులు ఎక్కడైనా ఉంటారు. జీవనశైలి జబ్బుల పేరిట మంజూరవుతున్న వైకల్య పింఛన్లను కాగ్ ఇప్పటికే ప్రశ్నించింది. ఒక్క దొంగ క్లెయిము పట్టుబడితే దాని వెనక వచ్చే పది నిజమైన ఫైళ్ల మీద అనుమానం పడుతుంది. ఈ దళారులకు పైసా ఇవ్వడం తోటి జవాను నోటి దగ్గర కూడు లాక్కోవడమే.

సైన్యం చేయాల్సిందీ ఉంది. విడుదలకు ఏడాది ముందే ప్రతి జవాను ఆసుపత్రి కాగితాలన్నీ ఒకచోట చేర్చి అతనికి చూపించాలి. బోర్డు ప్రొసీడింగ్స్ ప్రతిని అడగకుండానే అతని చేతిలో పెట్టాలి. నొప్పి చెప్పినవాడి అవకాశాలు దానివల్ల దెబ్బతినవన్న భరోసా అగ్నివీరులకు రాతపూర్వకంగా ఇవ్వాలి. ఈ మూడోది జరగనంతకాలం దాచుకోవడం ఆగదు. గుంటూరులోని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం తెనాలిలో, బాపట్లలో, రేపల్లెలో నెలకొక రోజు శిబిరం పెట్టి, సెలవుపై వచ్చిన కుర్రాళ్లకూ వాళ్ల తల్లిదండ్రులకూ ఈ సంగతులు తెలుగులో చెప్పాలి.

ఈ ఏడాదో వచ్చే ఏడాదో ఇంటికి రానున్న కొడుకు ఉన్న తల్లిదండ్రులకు మా విన్నపం: ఈసారి ఫోన్ చేసినప్పుడు ఒంట్లో ఎలా ఉందో నిలదీసి అడగండి. నొప్పి ఉంటే ఈ వారమే ఎంఐ రూమ్‌కు వెళ్లి రాయించుకోమనండి. గాయమైతే ఇంజురీ రిపోర్టు పడిందో లేదో చూసుకోమనండి. ప్రతి చీటీ నకలు ఇంటికి పంపమనండి.